చూపు పోయిన ఆయిలర్, విరగని సంఖ్య

ఈ నెల గోడపత్రికలో జీవిత చరిత్ర రాసే వంతు నాది. పోయినసారి అక్కలు కొమురం భీం గురించి రాశారు, అంతకుముందు అల్లూరి సీతారామరాజు గురించి రాశారు. నేను లెక్కలు చేసిన ఒకాయన గురించి రాస్తాను అంటే మా రూములో అందరూ నవ్వారు. లెక్కల గురించి గోడకి అంటిస్తే ఎవరు నిలబడి చదువుతారే, అన్నం బెల్లు కొట్టగానే పోతారు అన్నారు. అయినా రాస్తున్నాను. బెల్లు కొడితే అన్నం తినేసి వచ్చి మిగతాది చదవండి. ఇది ఎక్కడికీ పోదు, వచ్చే నెల దాకా గోడ మీదే ఉంటుంది.

ఆయన పేరు లియోన్‌హార్డ్ ఆయిలర్. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే యూలర్ అని చదవబుద్ధి అవుతుంది. ఆయిలర్ అనాలని లెక్కల సారు చెప్పారు. ఎనిమిదో తరగతిలో అగ్గిపెట్టె పట్టుకుని ముఖాలు ఎన్ని, శీర్షాలు ఎన్ని, అంచులు ఎన్ని అని లెక్కపెట్టాం కదా. ముఖాలూ శీర్షాలూ కలిపితే అంచుల కంటే రెండు ఎక్కువ వస్తుంది. ఆ సూత్రం ఈయన పేరు మీదే ఉంది. నేను అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను గాని, ఆయిలర్ అంటే మనిషి పేరని కూడా అనుకోలేదు.

నాకు ఆయన మీద ఇష్టం కలిగింది ఒక సంఖ్య వల్ల. అందరికీ కనబడాలని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాను.

2147483647

మన లెక్కలో చదివితే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఒకటితోనూ, తనతోనూ తప్ప ఈ సంఖ్య ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగించబడదు. ఆ సంగతి ఖాయం చేసినవాడు ఆయిలర్, 1772లో. అప్పటికి ఆయనకి 65 ఏళ్ళు. రెండు కళ్ళూ కనబడవు. కాలిక్యులేటరు లేని కాలం. చూపు లేని మనిషి పది అంకెల సంఖ్యని ఎట్లా పట్టుకున్నాడో తెలుసుకుందామనే నేను ఆయన చరిత్ర చదివాను.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్ దేశంలో బాసెల్ అనే ఊళ్ళో జన్మించాడు. తండ్రి పేరు పాల్ ఆయిలర్, చర్చిలో పాస్టరు. తల్లి పేరు మార్గరెటా. పిల్లవాడు చిన్నగా ఉన్నప్పుడే వాళ్ళు బాసెల్ పక్కన రీహెన్ అనే పల్లెకి మారిపోయారు. మొదటి లెక్కలు తండ్రే నేర్పాడు. ఆ తండ్రి కాలేజీ రోజుల్లో యాకోబ్ బెర్నౌలీ అనే గొప్ప గణిత శాస్త్రజ్ఞుని పాఠాలు విన్నవాడు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం కుళ్ళు పుట్టిన మాట నిజం. మనలో ఎంతమందికి ఇంట్లో లెక్కలు నేర్పేవాళ్ళున్నారు? మా అయ్య బ్యాంకులో వేలిముద్రే వేస్తాడు. ఆయిలర్‌కి ఆ అదృష్టం ఉంది, అది కూడా రాయాలి కదా అని రాశాను.

పదమూడేళ్ళకే, అంటే 1720లో, బాసెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. మన ఎనిమిదో తరగతి వయసు. అక్కడ యాకోబ్ బెర్నౌలీ తమ్ముడు యోహాన్ బెర్నౌలీ లెక్కలు చెప్పేవాడు. ఆయిలర్ వెళ్ళి నాకు విడిగా పాఠాలు చెప్పండి అని అడిగితే, ఆయన తీరిక లేదని ఒప్పుకోలేదు. కష్టమైన పుస్తకాలు నువ్వే చదువుకో, అర్థం కానివి ఉంటే శనివారం మధ్యాహ్నం వచ్చి అడుగు అన్నాడట. అందుకని ఆయిలర్ వారమంతా చదివేవాడు. మేష్టారిని ఎక్కువ ఇబ్బంది పెట్టకూడదని వీలైనన్ని అనుమానాలు తనే తీర్చుకుని, మిగిలినవే పట్టుకెళ్ళేవాడు. ఒక్కటి విడిపోతే దాని వెనకాల పది అవే విడిపోయేవని పెద్దయ్యాక తన సంగతులు రాసుకున్నప్పుడు చెప్పాడు.

తండ్రికి మాత్రం కొడుకు తనలాగే పాస్టరు కావాలని ఉండేది. యోహాన్ బెర్నౌలీయే వచ్చి వీడు గొప్ప గణిత శాస్త్రజ్ఞుడు అవుతాడు, వదిలిపెట్టండి అని నచ్చజెప్పాడు. తండ్రి ఒప్పుకున్నాడు.

పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ మధ్యలో ఒక పోటీకి రాశాడు. ఓడ మీద తెరచాప కట్టే స్తంభాలు ఎక్కడ నిలబెడితే మంచిదో చెప్పమని పారిస్ అకాడమీ వాళ్ళు పెట్టిన పోటీ అది. స్విట్జర్లాండుకి సముద్రమే లేదు. అట్లాంటి ఓడని కంటితో చూడకుండానే లెక్క కట్టి రాశాడు. మొదటి బహుమతి రాలేదు గాని మెచ్చుకున్నారు. తర్వాత బాసెల్‌లోనే ఉద్యోగానికి దరఖాస్తు పెడితే రాలేదు. ఆ 1727లోనే రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి వెళ్ళిపోయాడు. నదిలో పడవ మీద, తర్వాత బండి మీద, తర్వాత ఓడ మీద వెళ్ళాడు. మళ్ళీ సొంత ఊళ్ళో కాపురం పెట్టనే లేదు.

ఇక్కడ ఆపి ప్రధాన సంఖ్య అంటే ఏమిటో చెప్పాలి. ఆరో తరగతి చెల్లెళ్ళు కూడా చదువుతారు కాబట్టి.

వేసవి సెలవుల్లో మనం తునికాకుకి పోతాం కదా. యాభై ఆకులకి ఒక కట్ట. సాయంత్రం కల్లంలో కట్టలు వరసలుగా పేరుస్తాం. పన్నెండు కట్టలున్నాయి అనుకోండి. మూడు వరసల్లో నాలుగేసి పెట్టొచ్చు, రెండు వరసల్లో ఆరేసి పెట్టొచ్చు. పదమూడు కట్టలుంటే ఎట్లా పెట్టినా ఒక వరస కురచగా మిగులుతుంది. ఒకే పొడుగు వరస పెట్టాలి తప్ప సమానంగా రాదు. ఆ పదమూడు ప్రధాన సంఖ్య. మా అవ్వకి ఈ పేరు తెలీదు గాని సంగతి తెలుసు. సమానంగా రాని లెక్కని మొండి లెక్క అంటుంది. నేను విరగని సంఖ్య అంటున్నాను. పదమూడు అయితే చేత్తో పేర్చి చూడొచ్చు. 214 కోట్ల కట్టలు ఏ కల్లంలో పేరుస్తాం? కాబట్టి పేర్చకుండానే తెలుసుకునే దారి కావాలి.

పీటర్స్‌బర్గులో ఆయిలర్‌కి గోల్డ్‌బాక్ అనే స్నేహితుడు ఉన్నాడు. ఆయన 1729లో ఉత్తరం రాస్తూ, ఫెర్మా అనే ఫ్రెంచి ఆయన చెప్పిన మాట నిజమేనా అని అడిగాడు. ఫెర్మా అప్పటికే చనిపోయాడు. ఆయన చెప్పింది ఏమిటంటే, 2ని ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు, ఎనిమిదిసార్లు, పదహారుసార్లు అట్లా వేసుకుని గుణించి ఒకటి కలిపితే అన్నీ ప్రధాన సంఖ్యలే వస్తాయని. 3, 5, 17, 257, 65537. ఈ అయిదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. దాని తర్వాతది 2ని 32 సార్లు వేసుకుని గుణించి ఒకటి కలిపితే వచ్చేది, 4294967297. దీన్ని ఎవరూ విరగ్గొట్టలేదు, విరగదని ఎవరూ చూపించనూ లేదు. ఫెర్మా అంతటివాడు చెప్పాడు కదా అని ఊరుకున్నారు.

ఆయిలర్ ఊరుకోలేదు. 1732లో, ఇరవై అయిదేళ్ళ వయసులో, ఇది 641తో భాగించబడుతుందని చూపించాడు. 641 × 6700417 = 4294967297. నేను గుణించి చూశాను, సరిగ్గా వచ్చింది. మీరు కూడా చూడండి, కష్టమేమీ కాదు. 641 ఎట్లా దొరికిందంటే, ఈ సంఖ్యని భాగించేది ఏదైనా ఉంటే అది 64 ఎక్కంలో ఉన్న సంఖ్యకి ఒకటి కలిపినదే అయి ఉండాలని ఆయన తర్వాత రుజువు చేశాడు. 65, 129, 193, 257, 321 అట్లా. వాటిలో ప్రధాన సంఖ్యలు మాత్రం తీసుకుంటే 193, 257, 449, 577, 641. అయిదోదే 641! అయిదు భాగహారాలతో పెద్దాయన మాట తప్పని తేలిపోయింది. సారు చెప్పారు, పుస్తకంలో ఉంది అని మనం ఊరుకుంటాం కదా. నాకు ఈ సంగతి బాగా నచ్చింది.

1734లో ఆయనకి కాతరినా అనే ఆమెతో పెళ్ళి అయింది. ఆమె చిత్రకారుడి కూతురు. పదముగ్గురు పిల్లలు పుడితే అయిదుగురే బతికి పెద్దవాళ్ళయ్యారు. చంకలో బిడ్డని పెట్టుకుని, కాళ్ళ దగ్గర పిల్లలు ఆడుతుంటే లెక్కలు చేసేవాడని చెప్తారు. 1735లో పెద్ద జ్వరం వచ్చి చావు దాకా వెళ్ళాడు. 1738కి కుడి కన్ను పోయింది. రష్యా మ్యాపులు గీసే పని ఎక్కువై కన్ను పోయిందని ఆయన అనుకున్నాడు. ఆ జ్వరం వల్లే పోయి ఉంటుందని తర్వాతవాళ్ళు అంటారు. ఆయన మాత్రం ఇక మీద మనసు పక్కదారి పట్టించేవి తగ్గుతాయిలే అన్నట్టు మాట్లాడాడట. నాకైతే అట్లా మాట్లాడటం చేతకాదు.

1741లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ పిలిస్తే బెర్లిన్ వెళ్ళాడు. అక్కడ 25 ఏళ్ళు ఉన్నాడు. ఎన్నో పుస్తకాలు రాశాడు, అవన్నీ ఇక్కడ రాస్తే ఈ చార్టు చాలదు. ఆ రాజుకి మాటకారులంటే ఇష్టం. ఆయిలర్ మాటకారి కాదు, భక్తిపరుడు, ఇంటిపట్టున ఉండే మనిషి. గ్రీకు కథల్లో ఒంటికన్ను రాక్షసుడు ఉంటాడు, రాజు ఆ పేరు పెట్టి ఎగతాళి చేసేవాడు. అంత గొప్పవాణ్ణి కూడా కన్ను చూసి వెక్కిరించారు. మన హాస్టల్లో కూడా పేర్లు పెడతారు, ఎవరో వాళ్ళకే తెలుసు.

1766లో రష్యా మహారాణి రెండో కాథరిన్ పిలిచింది. మళ్ళీ పీటర్స్‌బర్గు వచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకే ఉన్న ఒక్క ఎడమ కన్నుకి పొర కమ్మింది. దీన్నే శుక్లం అంటారు. మా అవ్వకి రెండు కళ్ళకీ ఇదే వచ్చింది. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలీదు. అయినా తునికాకు కట్టలు అవ్వే కడుతుంది. ఒళ్ళో ఆకులు వేసుకుని వేళ్ళతో తడుముతూ యాభై లెక్కపెట్టి నార చుడుతుంది. నేను విప్పి లెక్కపెట్టాను చాలాసార్లు, ఒక్క ఆకు తేడా రాలేదు. అందుకే ఆయిలర్ కళ్ళు పోయాక కూడా లెక్కలు చేశాడు అని సారు చెప్పినప్పుడు క్లాసులో అందరూ ఎట్లా సార్ అన్నారు, నేను అనలేదు.

ఆయన గదిలో పెద్ద పలక ఉండేది. దాని మీద సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలు రాసేవాడు. కొడుకులూ శిష్యులూ వాటిని చూసి, ఆయన నోటితో చెప్పేది విని కాగితం మీద పెట్టేవాళ్ళు. జ్ఞాపకశక్తి చాలా ఎక్కువ. ఒకటి నుంచి వంద దాకా సంఖ్యలకి వర్గాలు, ఘనాలు, అట్లా ఆరో ఘాతం వరకు నోటికి వచ్చేవంటారు. ఒకసారి ఇద్దరు శిష్యులు ఒక పెద్ద కూడిక చేస్తే యాభయ్యో అంకె దగ్గర తేడా వచ్చింది. ఎవరిది ఒప్పో ఆయన మనసులోనే కూడుకుని చెప్పాడట. కళ్ళు పోయాక పని తగ్గలేదు, పెరిగింది. 1775లో అయితే వారానికి ఒకటి చొప్పున వ్యాసాలు తయారయ్యాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కళ్ళు కనబడని మొదటి రోజుల్లో ఆయిలర్ బీజగణితం పుస్తకం ఒకటి చెప్పి రాయించాడు. రాసింది ఎవరనుకున్నారు? పండితుడు కాదు, కాలేజీ విద్యార్థి కాదు. ఒక దర్జీ కుర్రాడు. బట్టలు కుట్టే పని నేర్చుకున్నవాడు, ఇంట్లో పనికని బెర్లిన్ నుంచి వెంట తెచ్చుకున్నారు. లెక్కలు పెద్దగా తెలీదు. ఆయిలర్ నోటితో చెప్తూ ఉంటే అతను రాస్తూ ఉండేవాడు. అతనికి అర్థం కాకపోతే ముందుకి పోకూడదు. అందుకే ఆ పుస్తకం సంఖ్య అంటే ఏమిటి, కూడిక గుర్తు ఏమిటి, తీసివేత గుర్తు ఏమిటి అనే దగ్గర మొదలవుతుంది. పుస్తకం అయ్యేసరికి ఆ దర్జీ కుర్రాడు కష్టమైన లెక్కలు కూడా సొంతంగా చేసే స్థితికి వచ్చేశాడు. పుస్తకం మొదట 1768, 1769లలో రష్యన్ భాషలో, 1770లో జర్మన్ భాషలో అచ్చయింది. ఎన్నో భాషల్లోకి పోయింది. నేను చదివినంతలో ఆ కుర్రాడి పేరు మాత్రం కనబడలేదు.

మా అవ్వ కట్టలు లెక్కపెట్టి చెప్తుంటే నేను నోట్సులో రాస్తాను. మూడేళ్ళ కిందట ఒక కల్లంలో అవ్వ చెప్పింది ఒకటి, పుస్తకంలో పడింది ఇంకొకటి. అడగడానికి మా దగ్గర కాగితం లేదు. అప్పట్నుంచి తేదీ వేసి రాస్తున్నాను. ఆ దర్జీ కుర్రాడి గురించి చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

1771లో పీటర్స్‌బర్గులో పెద్ద మంటలు లేచాయి. ఆయిలర్ ఇల్లు కూడా అంటుకుంది. చూపు లేని ఆయన లోపల ఉండిపోయాడు. బాసెల్ నుంచి వచ్చి అక్కడ పని చేసుకుంటున్న పీటర్ గ్రిమ్ అనే ఆయన మంటల్లోకి ఉరికి, ముసలాయన్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. కాగితాలు చాలావరకు దక్కాయి, ఇల్లు దక్కలేదు. అదే సంవత్సరం కంటికి ఆపరేషను చేశారు. కొన్ని రోజులు చూపు వచ్చింది! మళ్ళీ లోకాన్ని చూశాడు. తర్వాత కన్ను పాడై, చాలా నొప్పి పడి, ఆ చూపు కూడా పోయింది. ఈసారి పూర్తిగా. మా అవ్వని ఆపరేషనుకి తీసుకుపోదాం అంటే భయపడుతుంది. ఇప్పుడు ఆపరేషను వేరు, 250 ఏళ్ళ కిందటిది వేరు అని నేను చెప్తూనే ఉన్నాను.

ఇల్లు కాలి, వచ్చిన చూపు పోయిన ఆ మరుసటి సంవత్సరమే 1772. మన ఎర్ర సంఖ్య సంవత్సరం.

2ని 31 సార్లు వేసుకుని గుణించి ఒకటి తీసేస్తే 2147483647 వస్తుంది. ఇట్లా 2ని గుణించుకుంటూ పోయి ఒకటి తీసేసిన సంఖ్యల మీద పూర్వం నుంచి చాలామందికి ఆశ. 3, 7, 31, 127 ఇవన్నీ అట్లాంటి ప్రధాన సంఖ్యలే. 1588లో ఇటలీలో కటాల్డి అనే ఆయన ఓపిగ్గా భాగించుకుంటూ పోయి 524287 ప్రధాన సంఖ్య అని తేల్చాడు. అది 2ని 19 సార్లు గుణించి ఒకటి తీసినది. 23, 29, 31, 37 సార్లకి కూడా వస్తుందని అన్నాడు గాని చేసి చూడలేదు. 23, 37 తప్పని ఫెర్మా చూపించాడు. 29 తప్పని ఆయిలర్ చూపించాడు. ఇక మిగిలింది 31. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి తన పట్టీలో 31ని ప్రధానమని రాశాడు. ఆయనా చేసి చూపలేదు. నాలుగింటిలో మూడు తప్పయ్యాక నాలుగోది ఎట్లా నమ్మాలి?

మామూలుగా చేస్తే ఎంత పనో చూడండి. ఒక సంఖ్య రెండు ముక్కలుగా విరిగితే ఒక ముక్క చిన్నది, ఇంకోటి పెద్దది అవుతుంది. రెండూ పెద్దవి కాలేవు. 46341ని 46341తో గుణిస్తే 2147488281, మన సంఖ్యని దాటిపోయింది. కాబట్టి చిన్న ముక్క 46340 లోపే ఉండాలి. ఆ లోపల ప్రధాన సంఖ్యలు దాదాపు 4,800 ఉన్నాయి. ఒక్కొక్కదానితో పది అంకెల భాగహారం. చూపు ఉన్నవాడికే ఏళ్ళు పడుతుంది, చేతులు పడిపోతాయి.

ఆయిలర్ ఏం చేశాడంటే, భాగించడం మొదలుపెట్టకుండా ముందు ఏది భాగించలేదో ఆలోచించాడు. చిన్న లెక్కలో చూపిస్తాను. 2ని 11 సార్లు గుణించి ఒకటి తీస్తే 2047. ఇది విరుగుతుంది, 23 × 89. ఇప్పుడు ఆ రెండింటినీ చూడండి. 11కి రెట్టింపు 22. ఇరవై రెండు ఒకట్లు 22, ఒకటి కలిపితే 23. ఇరవై రెండు నాలుగులు 88, ఒకటి కలిపితే 89. ఊరికే కుదిరింది కాదు. పైన ఉండే 11 ప్రధాన సంఖ్య అయితే, భాగించే ప్రధాన సంఖ్య ఇట్లాగే ఉండి తీరాలి. ఇంకో షరతు కూడా ఉంది. భాగించే దాన్ని 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగలాలి. 23లో 7 మిగులుతుంది, 89లో 1 మిగులుతుంది. చూశారా!

ఇదే 31కి పెట్టండి. 31కి రెట్టింపు 62. కాబట్టి 62 ఎక్కానికి ఒకటి కలుపుకుంటూ పోవాలి: 63, 125, 187, 249, 311... వీటిలో 125ని 8తో భాగిస్తే 5 మిగిలింది, కొట్టేయండి. 187లో 3, కొట్టేయండి. 63, 249, 311 నిలిచాయి. ఇట్లా 46340 దాకా వడపోస్తే, 63ని వదిలేస్తే, మిగిలేవి 372 సంఖ్యలే. వాటిలోనూ 249 లాంటివి ప్రధాన సంఖ్యలు కావు (3 × 83), అవీ అక్కర్లేదు. 4,800 ఎక్కడ, ఇది ఎక్కడ! బియ్యంలో రాళ్ళు ఏరడానికి ముందు చేటతో చెరిగితే సగం పని అయిపోయినట్టు.

మిగిలినవాటిలో ఏదీ భాగించలేదు. 2147483647 విరగదు. ఆయిలర్ ఈ సంగతి ఉత్తరంలో తెలియజేశాడు. ఆ ఉత్తరం ఎవరికంటే బెర్నౌలీల కుటుంబంలోనే ఒకరికి. చిన్నప్పుడు శనివారం మధ్యాహ్నాలు అనుమానాలు పట్టుకుని వెళ్ళిన ఇంటిపేరే అది. బెర్లిన్ అకాడమీ వాళ్ళు దాన్ని అచ్చు వేశారు.

ఈ సంఖ్య తేలడం వల్ల ఇంకోటి కూడా తేలింది. 6ని భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. కలిపితే 6. 28ని భాగించేవి 1, 2, 4, 7, 14. కలిపితే 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలు అంటారు. మన సంఖ్య లాంటిది ఒకటి దొరికితే దానితో ఒక పరిపూర్ణ సంఖ్య తయారవుతుందని యూక్లిడ్ ఎప్పుడో చెప్పాడు. మనదానితో వచ్చేది 2305843008139952128. పంతొమ్మిది అంకెలు. చిన్నదాని నుంచి లెక్కపెడితే ఎనిమిదోది.

1773లో ఆయన భార్య చనిపోయింది. పని మాత్రం ఆగలేదు. 1783 సెప్టెంబరు 18న పొద్దున మామూలుగానే ఉన్నాడు. అప్పటికి రెండేళ్ళ కిందటే కనిపెట్టిన యురేనస్ గ్రహం దారి గురించి శిష్యులతో మాట్లాడాడు. మనవడితో ఆడుకుంటూ ఉండగా ఒక్కసారిగా మెదడులో రక్తనాళం చిట్లి పడిపోయాడు. ఆ రాత్రే పోయాడు. 76 ఏళ్ళు. రాయించిపెట్టిన వ్యాసాలు ఎన్ని మిగిలాయంటే, పీటర్స్‌బర్గ్ అకాడమీ వాళ్ళు ఆయన చనిపోయాక కూడా ఏళ్ళ తరబడి అచ్చు వేస్తూనే ఉన్నారు.

2147483647 అయితే 95 ఏళ్ళు లోకంలో తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలో పెద్దదిగా నిలిచింది. 1811లో బార్లో అనే ఇంగ్లీషు ఆయన, దీనితో వచ్చిన పరిపూర్ణ సంఖ్య కంటే పెద్దదాన్ని ఇక ఎవరూ కనిపెట్టరు, దానితో అవసరం ఏముంది అన్నట్టు రాశాడు. ఆయన మాట నిలబడలేదు. 1867లో ఫ్రాన్సులో లాండ్రీ అనే ఆయన మన సంఖ్య కంటే పెద్ద ప్రధాన సంఖ్యని చూపించాడు. ఇక 2024 అక్టోబరులో కంప్యూటర్లతో దొరికినదానికి 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు. అది కూడా 2ని గుణించుకుంటూ పోయి ఒకటి తీసేసిన రకమే. మన గోడలన్నీ కలిపినా రాయడానికి చాలవు.

కంప్యూటరు సారు ఇంకో వింత చెప్పారు. పాత రకం కంప్యూటర్లు లెక్కపెట్టగలిగిన పెద్ద సంఖ్య సరిగ్గా ఇదేనట, 2147483647. వాటి గడియారం 1970 మొదటి రోజు నుంచి సెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది. 2038 జనవరి 19న ఆ లెక్క నిండిపోతుంది. ఆలోపు మార్చుకోని యంత్రాలు తేదీ తప్పు చూపిస్తాయి. అప్పటికి మనకి ఎన్నేళ్ళొస్తాయో లెక్క వేసుకోండి.

నేను కూడా మొదలుపెట్టాను. 63 ప్రధానం కాదు, 249 కాదు, కాబట్టి మొదటిది 311. స్టడీ అవర్లో చేశాను. రెండుసార్లు తప్పింది. మూడోసారి భాగఫలం 6905092, శేషం 35 వచ్చింది. ఒక పేజీ నిండిపోయింది. తర్వాత 497, 559, 745, 807, 993, 1055, 1241 ఏవీ ప్రధాన సంఖ్యలు కావు, తీసేశాను. (1241ని ప్రధానం అనుకుని సగం దాకా భాగించేశాను, తర్వాత చూస్తే 17 × 73.) ఆ తర్వాతది 1303. దానిలో 1648107 పోయి 226 మిగిలింది.

దాని తర్వాత వచ్చేది 1489. కింద ఖాళీ జాగా వదిలాను. ఎవరికి ఓపిక ఉంటే వాళ్ళు అక్కడే చేయండి. పెన్సిలుతో చేయండి, పెన్నుతో చేస్తే కొట్టివేతలు నెలంతా గోడ మీద కనబడతాయి.